ఇరవై నాలుగో బొమ్మ

బాపట్ల నుంచి ఒక పెద్దమనిషి కారు వేసుకుని రేపల్లెలో మా ఇంటికి వచ్చాడు. వయసు యాభై దాటి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ఇంకో సంచి, అందులో ఒక మెత్తటి గుడ్డ, ఆ గుడ్డలో ఒక పాత ఆల్బమ్. దాన్ని బయటికి తీసేముందు జేబులోంచి తెల్లటి చేతి తొడుగులు తీసి తొడుక్కున్నాడు. ఆపరేషన్ ఏదో చేస్తాడేమో అనుకున్నాను.

నేను అప్పుడు బెండకాయలు తరుగుతున్నాను. ఆల్బమ్ చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టకేం, దాని అట్ట అంటించింది నేనే. చెయ్యి చాపితే ఆయన వెనక్కి లాక్కున్నాడు.

"చేతులు తడిగా ఉన్నాయండి పిన్నిగారూ. ఇది చాలా అపురూపమైందండి."

"అది అపురూపం కాకముందు నుంచీ నాకు తెలుసులే బాబూ, ఇటివ్వు" అన్నాను.

ముందు సంగతి చెప్పాలి.

తెనాలిలో మార్కెట్ వెనక సందులో ఒక లేబుళ్ల ప్రెస్సు ఉండేది. ముందు గదిలో అచ్చు మిషను, వెనక రేకుల షెడ్డులో పిప్పరమెంట్ల తయారీ. రెండింటికీ ఓనరు ఒకడే. మధ్య గదిలో మేము ఆరుగురు ఆడవాళ్లం నేల మీద కూర్చుని, అచ్చయిన కాగితాలు కత్తిరించి, వందల లెక్కన కట్టలు కట్టేవాళ్లం. అట్టలు అంటించేవాళ్లం. సబ్బులు, సాంబ్రాణి, వక్కపొడి, నీలిమందు, తలనూనె, ఊళ్లో తయారయ్యే ప్రతి సరుకు చొక్కా మా చేతుల మీదుగానే పోయేది. నాకప్పుడు ఒక్క అక్షరం రాదు.

అక్షరం రానివాళ్లకి బొమ్మే దిక్కు. కొట్టుకు వెళ్లి నెమలి బొమ్మ కాఫీ పొడి, పడవ బొమ్మ అగ్గిపెట్టె అని అడిగి తెచ్చుకునేవాళ్లం. చిన్నప్పుడు నేను, పైన ఏ బొమ్మ ఉంటే లోపల అదే ఉంటుందనుకునేదాన్ని. ఒంటె బొమ్మ సబ్బుతో మా అమ్మ నా ఒళ్లు రుద్దబోతే, ఒంటెని కరగబెట్టి చేశారని ఏడ్చి వీధి వీధంతా పోగేశానట. వింటే నవ్వుతారు. సినిమా హీరోయిన్ బొమ్మ ఉన్న సబ్బు కొని, రోజుకి రెండుసార్లు ముఖం రుద్దుకుని అద్దంలో చూసుకున్నవాళ్లు మాత్రం బాగా చదువుకున్నవాళ్లు. వాళ్లని చూసి ఎవరూ నవ్వలేదు.

నా నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు సబ్బు లేబుళ్లు కత్తిరిస్తూ, "ఈ పిల్ల ముఖమే అరిగిపోతుంది గానీ ఈ సబ్బు అరగదే" అన్నాను. పక్కన కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. ప్రెస్సులో బొమ్మలు వేసే ఆర్టిస్టు ఒకాయన ఉండేవాడు. చెవిలో పెన్సిలు, నోట్లో వక్క. ఆయన అది విని చేతిలో ఉన్న కాగితం వెనక బొమ్మ గీసేశాడు. సబ్బు నిండుగా నిగనిగలాడుతోంది, పక్కన హీరోయిన్ సగానికి అరిగిపోయి ఉంది. మర్నాడు తలనూనె. "జుట్టు మొలవటం నిజమే, సీసాకి" అన్నాను. సీసాకి బారెడు జడ వేసి, చివర జడకుచ్చులు కూడా పెట్టాడు మహానుభావుడు. ఆ తర్వాత ఏనుగు బొమ్మ తలనొప్పి మందు. తలనొప్పి వచ్చినవాడి నెత్తిన ఏనుగు ఎక్కి కూర్చుంటుంది, ఇక వాడికి తలనొప్పి గుర్తుకు రాదు.

ఓనరు చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగగానే వ్యాపారం తట్టింది. పిప్పరమెంటు పొట్లానికొక బొమ్మ. మొత్తం ఇరవై నాలుగు. అంటించుకోవడానికి విడిగా ఆల్బమ్. ఇరవై నాలుగూ నింపి తెచ్చిన పిల్లకైనా పిల్లాడికైనా చేతి గడియారం. ఆ గడియారాన్ని ప్రెస్సు ముందు గాజు పెట్టెలో వేలాడదీశాడు.

వాటిని స్టిక్కర్లు అనేవాళ్లం. జిగురు మాత్రం ఉండేది కాదు. జిగురు దండగ ఖర్చని ఓనరు సిద్ధాంతం. పిల్లలు అన్నం మెతుకులతో అంటించుకునేవాళ్లు. పెరుగన్నం మెతుకైతే ఇంకా గట్టిగా పట్టేది. తెనాలి నుంచి బాపట్ల దాకా, ఇటు రేపల్లె దాకా, ఎన్ని పళ్లేలలో చివరి మెతుకు ఆ ఆల్బమ్‌లకి పోయిందో చెప్పలేను.

ఇరవై మూడు బొమ్మలు బయటికి వెళ్లాయి. ఇరవై నాలుగోది నేను అన్నిటికన్నా బాగా చెప్పింది. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. కానీ అది బాగుంది.

అదొక పళ్లపొడి. అసలు లేబులు మీద ఒక వస్తాదు మీసం మెలేస్తూ చెరుకు గడ కొరుకుతుంటాడు. నేను చెప్పింది ఇది. అదే వస్తాదు, అదే మీసం, అదే ఠీవి. కానీ పళ్ల వరుస మొత్తం చెరుకు గడలో దిగబడిపోయి ఉంటుంది. వాడు బోసినోటితో, ఏమీ జరగనట్టు మీసం మెలేస్తుంటాడు. కింద మాట కూడా నాదే. "ఒక్కసారి తోముకుంటే, ఇక జన్మలో తోముకోనక్కర్లేదు."

వచ్చిన చిక్కల్లా, ఆ పళ్లపొడి తయారుచేసేది పొన్నూరులో ఉన్న మా ఓనరు బావమరిది. రైసు మిల్లు దగ్గర ఊక బూడిద తెచ్చి, ఉప్పు, కర్పూరం, కాస్త గులాబీ రంగు కలిపి డబ్బాల్లో పోసేవాడు. ఆ లేబుళ్లు మా దగ్గరే అచ్చయ్యేవి గానీ, ఎవరి సరుకో మాకు ఎవరు చెప్పారు? అప్పటికే రీముల కొద్దీ కాగితం అచ్చయి ఆరేసి ఉంది. ఓనరు ఒక కాగితం పట్టుకుని మధ్య గదిలోకి వచ్చాడు.

"ఎవరు చెప్పారు ఈ బొమ్మ?"

"నేనేనండి."

"నీకు బుద్ధుందా? మా బావమరిది సరుకు మీద పరాచికాలా?"

"మిగతా ఇరవై మూడింటికీ మీరు పడీ పడీ నవ్వారు కదండి."

"అవి వేరు, ఇది వేరు."

"ఏంటండి తేడా?"

"అవి బయటివాళ్లవి!"

అంతకన్నా నిజాయితీగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

కాగితం తగలెయ్యడానికి ఓనరుకి మనసొప్పలేదు. రెండేసి కాగితాలు బొమ్మా బొమ్మా ఎదురెదురుగా పెట్టి అంటించి, అలాంటివి జతల మీద జతలు వేసి, గట్టి అట్ట చెయ్యమన్నాడు. ప్రెస్సుల్లో చెడిపోయిన కాగితాన్ని అలాగే వాడతారు. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో నేనే అంటించాను. ఆ అట్టలు దేనికి వేశామంటే, ఆల్బమ్‌లకే. అంటే ప్రతి పిల్లాడూ ఇరవై నాలుగో బొమ్మని మొదటిరోజే కొనుక్కుని, చంకలో పెట్టుకుని, ఊరంతా దాని కోసం వెతికాడు.

గడియారం మాత్రం గాజు పెట్టెలో అలాగే వేలాడింది. ఓనరు దాన్ని తీయించలేదు. ఇరవై మూడు బొమ్మలు పట్టుకుని పిల్లలు వచ్చేవాళ్లు. "ఇంకొక్కటేరా, కొనండి, వస్తుంది" అనేవాడు. ఆ గడియారానికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది నేనే. నేను ఒక్క పిల్లాడికీ చెప్పలేదు. చెబితే నా పని పోయేది. అంతే, దానికి వేరే సాకు లేదు.

నాకు మాత్రం ఒక్కటే కడుపులో ఉండిపోయింది. నేను చెప్పినవాటిలో అసలైనదాన్ని, బయటి మనిషి ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ, చూసి నవ్వలేదు. మిగతా ఇరవై మూడింటికీ ఊళ్లు నవ్వాయి. దానికి నవ్వాల్సిన నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

తర్వాత ప్రెస్సు మూతపడింది. మా ఆయన పని రేపల్లెకి మారితే ఇటు వచ్చేశాం. యాభై మూడో ఏట మా వీధి బడిలో సాయంత్రం క్లాసులకి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. ఎవరూ జాలి పడనక్కర్లేదు. యాభై మూడేళ్లు చదవకుండా నాకేం తక్కువ కాలేదు. పేపరు చదవటం మొదలుపెట్టాకే తలనొప్పి మొదలైంది.

మళ్లీ బాపట్ల పెద్దమనిషి దగ్గరికి వద్దాం. తెనాలిలో మా పాత మిషను మనిషి ఒకాయన ఇంకా ఉన్నాడట, ఆయన నా సంగతి చెప్పాడట. చిన్నప్పుడు ఈ బొమ్మలు పోగు చేసినవాళ్లంతా కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు తీపి జ్ఞాపకాలు. నూటికి తొంభైమందికి షుగరు. బాపట్లలో ఒక హాలు తీసుకుని అందరూ కలుసుకుంటున్నారట, అక్కడ ఆల్బమ్‌లు ప్రదర్శనకి పెడతారట. ఎవరి దగ్గరా ఇరవై నాలుగోది లేదు.

ఆల్బమ్ ఎట్టకేలకి నా చేతికిచ్చాడు. బెండకాయ జిగురు తుడుచుకుని తెరిచాను. ఆ బొమ్మల కింద అక్షరాలని నేను అంతకుముందు ఎప్పుడూ చదవలేదు. చూశాను, కత్తిరించాను, కట్టలు కట్టాను. చదవలేదు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. నేను అన్న మాటలే. ఆర్టిస్టు తన తరఫున కలిపింది చివర "అండి" ఒక్కటే.

"ఎవరో బాగా చదువుకున్న రసికుడు రాశాడండి ఇవి. మా గ్రూపులో ఒక లెక్చరర్ దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఇదంతా మార్కెట్ వ్యవస్థ మీద తిరుగుబాటటండి" అన్నాడు ఆయన.

"కాదు బాబూ. సబ్బు మీద."

"అంటే?"

"సబ్బు అరక్కపోతే అన్నాను. అన్నది నేనే."

ఆయన మర్యాదస్థుడు. నవ్వి ఊరుకున్నాడు. ముసలావిడ ఏదో అంటోందిలే అన్న నవ్వు అది. నాకు ఒళ్లు మండింది.

"నీకు ఇరవై నాలుగు కావాలా, వద్దా?"

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. "మీ దగ్గరుందా అండి?"

"నా దగ్గర లేదు. నీ దగ్గరుంది. అట్టలో."

చెప్పిందంతా విన్నాడు. విని అట్టని అటూ ఇటూ తిప్పాడు, వెలుతురుకి పట్టి చూశాడు, గోరుతో అంచు తడిమాడు. ముఖం పాలిపోయింది.

"నాలుగో క్లాసు నుంచి నా దగ్గరే ఉందండి ఇది. ఇల్లు మారినప్పుడల్లా ముందు దీన్నే సర్దుకున్నాను."

"అయితే బాగానే మోశావు."

"చింపాలా అండి ఇప్పుడు?"

"చింపటమెందుకు? అంటించినదాన్ని నేను, ఊడదీయటం రాదా?"

అరగంట ఆలోచించాడు. నేను ఈలోగా కూర పొయ్యి మీద వేశాను. ఇంటావిడకి ఫోను చేశాడు, గ్రూపులో ఎవరికో ఫోను చేశాడు. ఒకడు తియ్యమన్నాడట, ఒకడు తీస్తే చరిత్ర పాడైపోతుందన్నాడట. చివరికి ఆల్బమ్ నా ముందు పెట్టి ముఖం అటు తిప్పుకున్నాడు, సూది మందు వేయించుకునే పిల్లాడిలా.

కుట్టు విప్పి అట్టని వేరుచేశాను. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి, ఆవిరి మీద పల్చటి గుడ్డ కట్టి, దాని మీద అట్ట పెట్టాను. కాసేపటికి మైదా వాసన వచ్చింది. నలభై ఏళ్ల పైచిలుకు నాటి మైదా. మొదటి జత విప్పితే ఎర్ర రంగు కారిపోయి, వస్తాదు కసాయివాడిలా తయారయ్యాడు. ఆయన గుండె పట్టుకున్నాడు. రెండో జత విప్పేటప్పుడు ఆవిరి తగ్గించి, కత్తి వాడకుండా కొబ్బరి ఈనెతో మెల్లగా జరిపాను. వచ్చింది. మీసం, చెరుకు గడ, గడలో పళ్లు, బోసినోరు, అన్నీ నిన్న అచ్చయినట్టు. కింద అక్షరాలు కూడా. చదువుకున్నాను. ఇక్కడా "అండి" కలిపాడు.

బొమ్మ ఆయన చేతిలో పెట్టి ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ నవ్వు కోసం.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతి తొడుగుతో తుడుచుకున్నాడు.

"నవ్వవేంటి బాబూ?"

"నవ్వు కాదండి పిన్నిగారూ... ఇది చూస్తుంటే ఏదో... ఆ రోజులే వేరండి."

"ఆ రోజులు సరే. పళ్లు చూశావా? గడలో ఉన్నాయి చూడు."

"చూశానండి" అని ముక్కు చీదాడు.

ఇంతకన్నా మా ఓనరే నయం, కనీసం కోపం తెచ్చుకున్నాడు.

ఆ మీటింగుకి నన్ను కూడా పిలిచారు. రేపల్లె నుంచి తెనాలి పాసింజరు, తెనాలి నుంచి ఇంకో బండి. వద్దనుకుంటూనే వెళ్లాను. వందమంది ఉన్నారు కదా, అందులో ఒక్కడికైనా పళ్లు కనిపించకపోతాయా అని.

హాలు మధ్యలో గాజు బల్ల, గాజు కింద మా వస్తాదు. వరుసలో నిలబడ్డారు. వంగి చూశారు, ఫోటోలు తీసుకున్నారు, వస్తాదు పక్కన తమ ముఖం వచ్చేలా తీసుకున్నారు. "ఆ రోజులే వేరు" అని ఒకళ్ల భుజం ఒకళ్లు తట్టుకున్నారు. ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒకావిడ తన కాలేజీ పిల్లకి చూపించి, "మీకేం తెలుసే, మీ బాల్యమంతా ఫోను" అంది. ఆ పిల్ల ఫోనులోంచి తలెత్తలేదు. నేను గాజు బల్ల పక్కనే కుర్చీ వేయించుకుని ఒక్కొక్క ముఖమే చూశాను. పరామర్శకి వచ్చిన ముఖాలు. నవ్విన పాపాన ఒక్కడూ పోలేదు.

తర్వాత లెక్చరర్ గారు మైకు తీసుకుని ఆ బొమ్మలో హాస్యం ఎక్కడ ఉందో వివరించారు. చాలాసేపు వివరించారు. కూర్చున్న చోటే దానికి దినం చేసేశారు.

నాకు శాలువా కప్పి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేచాను.

"ఇరవై నాలుగోది బయటికి రాలేదని నాకు అప్పుడే తెలుసు. మీరు పిప్పరమెంట్లు కొంటూనే ఉన్నారు. ఆ గడియారానికి రోజూ కీ ఇచ్చింది నేనే. మిమ్మల్ని మోసం చేశారు, అందులో నేనూ ఉన్నాను" అన్నాను.

చప్పట్లు కొట్టారు. నిలబడి కొట్టారు. ముందు వరుసలో ఒకాయన అరిచాడు. "గడియారం రాకపోయినా జ్ఞాపకాలు వచ్చాయమ్మా!"

ఇలాంటివాళ్లు ఉన్నంతకాలం ఎవరికీ గడియారం ఇవ్వక్కర్లేదు.

భోజనాలకి పిలిచారు. జనమంతా అటు కదిలారు. శాలువాతో ఉక్కపోస్తోంది, తీసి కుర్చీ మీద వేశాను. ఇక ఇంటికి పోదాం, చాలు, అనుకున్నాను. ఇన్నేళ్లూ దాచుకుంటే గొప్పగా అనిపించింది గానీ, ఆ బొమ్మ నిజంగా బాగోలేదేమో అని అప్పుడే మొదటిసారి అనిపించింది. ఓనరు ఆపింది మంచికేనేమో.

ఖాళీ గ్లాసులు ఏరడానికి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, చీర కుచ్చిళ్లు పైకి దోపింది. కుర్చీల కింద గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దోపుకుంటూ గాజు బల్ల దాకా వచ్చింది. జనం ఇంతసేపు దేన్ని చూశారా అని వంగింది. చెరుకు గడ చూసింది. ఇంకాస్త వంగింది. వాడి నోరు చూసింది. మళ్లీ గడ చూసింది.

కిసుక్కున నవ్వి, ఎవరన్నా చూశారేమో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వు ఆగలేదు, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

"ఏంటమ్మా అంత నవ్వు?" అన్నాను.

"చూడండి మామ్మగారూ, పళ్లన్నీ గడకి అప్పజెప్పేసి, మళ్లీ ఆ మీసం తిప్పుడేంటండి! అచ్చం మా ఆయనేనండి. సందు చివర తన్నులు తిని వచ్చి, గుమ్మంలో ఇట్టాగే మీసం తిప్పుతాడండి."

"కింద రాసింది చూశావా?"

"నాకు చదువు రాదండి. ఏం రాశారండి?"

ఆ మాట నాకు నోటికొచ్చు, కళ్లజోడు అవసరం లేదు. అయినా పెట్టుకున్నాను. వేలు గాజు మీద పెట్టి చదివాను. "ఒక్కసారి తోముకుంటే, ఇక జన్మలో తోముకోనక్కర్లేదండి."

ఆవిడ గ్లాసుల దొంతరతో సహా కింద కూలబడింది. గ్లాసులు హాలంతా దొర్లాయి. బాపట్ల పెద్దమనిషి అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండి? గాజు జాగ్రత్తమ్మా, గాజు! ఏంటమ్మా ఆ నవ్వు, ఇది పద్ధతేనా?"

"నువ్వెళ్లి భోంచెయ్యి బాబూ" అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని, ఊపిరి తీసుకుని, "ఇంకోసారి చదవండి మామ్మగారూ, ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాలి" అంది.

ఈసారి చివర "అండి" తీసేసి చదివాను.